మౌంట్ రోడ్డు ఎల్ఐసీ భవనం: న్యూయార్కు నకలా, మద్రాసు కట్టడమా?

ప్రశ్న: నుంగంబాక్కం పాఠకుడు

సభ్యులకు నమస్కారం. చెన్నైలోని మా తెలుగు మిత్రబృందం వెలువరించబోయే ప్రత్యేక సంచికలో నగరంలోని పేరున్న కట్టడాల మీద ఒక్కొక్కరం ఒక్కొక్క వ్యాసం రాస్తున్నాం. హైకోర్టు, సెంట్రల్ స్టేషను, రిప్పన్ బిల్డింగు వంటివి మిగతావారు ముందే పంచుకున్నారు. నా వంతుకు అన్నాసాలై (పాత పేరు మౌంట్ రోడ్డు) మీది ఎల్ఐసీ భవనం మిగిలింది. మొదట కాస్త నిరాశపడిన మాట నిజమే కానీ, చదవడం మొదలుపెట్టాక దీని వెనుక చాలా కథ ఉన్నట్టు తోచింది.

ఇబ్బంది ఏమిటంటే, దొరుకుతున్న రాతలన్నీ అవే మూడు సంగతులను తిరగేసి మరగేసి చెబుతున్నాయి. ఒకప్పుడు ఇది దేశంలోకెల్లా ఎత్తైన భవనమని, న్యూయార్కులోని ఐక్యరాజ్యసమితి భవనాన్ని చూసి కట్టారని, పాత సినిమాలలో పల్లె నుంచి వచ్చిన కథానాయకుడు మద్రాసులో దిగగానే దీనినే తలెత్తి చూసేవాడని. ఇంతకు మించి పాఠకులకు చెప్పదగినది ఏమైనా ఉందా అన్నదే నా ప్రశ్న. కట్టించినది బీమా సంస్థా, ప్రైవేటు వ్యాపారా? లండన్ వాస్తుశిల్పులు గీశారని కొందరు, మద్రాసు వాస్తుశిల్పి చితలే గారు కట్టారని కొందరు రాస్తున్నారు. రెండింటిలో ఏది సరి? ఐక్యరాజ్యసమితి భవనంతో పోలిక ఎంతవరకు నిలుస్తుంది? దీని తరువాత మద్రాసులో ఇంతకన్నా ఎత్తైనది చాలా కాలం ఎందుకు లేవలేదు? తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: మైలాపూరు పాత్రికేయుడు (విశ్రాంత)

మీ మొదటి రెండు ప్రశ్నలకు నేను జవాబు చెబుతాను. నిర్మాణం సంగతులు ఇంజనీర్లు చెబితేనే బాగుంటుంది.

ఈ భవనం కథలో మొదట గుర్తుపెట్టుకోవలసినది, దీనిని తలపెట్టిన నాటికి ఎల్ఐసీ అనే సంస్థే లేదన్న విషయం. 1953లో పని మొదలైనప్పుడు ఇది యునైటెడ్ ఇండియా లైఫ్ ఇన్సూరెన్స్ అనే ప్రైవేటు కంపెనీ కార్యాలయం. ఆ కంపెనీ ఎం.సిటి.ఎం. చిదంబరం చెట్టియార్‌ది. (క్రికెట్ స్టేడియానికి పేరు పెట్టిన ఎం.ఎ. చిదంబరం వేరు, ఈయన వేరు. మీ సంచికలో ఈ పొరపాటు దొర్లకుండా చూసుకోండి, చాలామంది ఇద్దరినీ ఒకరిగానే రాసేస్తారు.) నాట్టుకోట్టై చెట్టియార్ల వడ్డీ వ్యాపార సంప్రదాయంలో పుట్టి, దాన్ని ఆధునిక బ్యాంకుగా, బీమా కంపెనీగా మార్చాలని చూసిన మనిషి ఆయన. ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకును 1937లో స్థాపించి, కారైక్కుడి, మద్రాసు, రంగూన్ నగరాలలో ఒకే రోజున శాఖలు తెరిచినది ఈయనే. మలయా, బర్మా దాకా సాగిన వ్యాపారం కలవాడు గనుక ప్రపంచ నగరాలలో ఏ భవనం ఎలా లేస్తున్నదో ఆయనకు తెలియకపోలేదు. న్యూయార్కు ప్రభావం ఆయన నుంచే వచ్చిందని చెప్పుకుంటారు.

చెట్టియార్ మాత్రం ఈ భవనం లేవడం చూడలేదు. 1954 మార్చిలో సింగపూరులోని కలాంగ్ విమానాశ్రయంలో దిగుతూ కూలిపోయిన విమానంలో ఆయన మరణించారు. ఆ తరువాత రెండేళ్లయినా నిండకుండానే, 1956 జనవరి 19న వెలువడిన ఆర్డినెన్సుతో కేంద్ర ప్రభుత్వం జీవిత బీమా వ్యాపారాన్నంతటినీ తన చేతికి తీసుకున్నది. అదే ఏడాది సెప్టెంబరు 1న ఎల్ఐసీ పుట్టింది. దేశంలోని స్వదేశీ, విదేశీ కంపెనీలు, ప్రావిడెంటు సొసైటీలు అన్నీ కలిపి 245 సంస్థలు అందులో కలిసిపోయాయి. వాటిలో యునైటెడ్ ఇండియా ఒకటి. ఆ కంపెనీ ఆస్తులతో పాటు, మౌంట్ రోడ్డు మీద సగంలో ఉన్న ఈ కట్టడం కూడా ప్రభుత్వానికి దక్కింది. కాబట్టి మీరు అడిగిన దానికి సూటి జవాబు: మొదలుపెట్టినది ప్రైవేటు వ్యాపారి, ముగించినది ప్రభుత్వ సంస్థ.

వాస్తుశిల్పుల విషయంలోనూ ఇదే జరిగింది. లండన్‌కు చెందిన హెచ్.జె. బ్రౌన్, ఎల్.సి. మౌలిన్ ద్వయం దీనికి రూపకల్పన చేసింది. 1957లో వారు పని వదిలి వెళ్లిపోయారు. మిగిలిన పనిని మద్రాసులోనే 1932 నుంచి సొంత కార్యాలయం నడుపుతున్న ఎల్.ఎం. చితలే పూర్తిచేశారు. కనుక మీరు చదివిన రెండు రాతలూ సగం సగం సరైనవే, వ్యాసంలో ముగ్గురి పేర్లూ వేయండి. కట్టిన కాంట్రాక్టరు మురుగప్ప వర్గానికి చెందిన కోరమాండల్ ఇంజనీరింగ్ కంపెనీ. ఖర్చు సుమారు 87 లక్షల రూపాయలు అయిందంటారు.

ప్రారంభోత్సవం 1959 ఆగస్టు 23న జరిగింది. నాటి కేంద్ర ఆర్థిక మంత్రి మొరార్జీ దేశాయి వచ్చి తెరిచారు. ఇక్కడ నాకు ఎప్పుడూ ఆసక్తి కలిగించే విషయం ఒకటుంది. అంతకు ఏడాదిన్నర ముందు వరకు ఆర్థిక మంత్రిగా ఉన్నది మద్రాసువారైన టి.టి. కృష్ణమాచారి. ఎల్ఐసీ డబ్బును హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల వాటాలలో పెట్టిన వ్యవహారం పార్లమెంటులో ఫిరోజ్ గాంధీ బయటపెట్టడంతో, చాగ్లా కమిషన్ విచారణ జరిగి, 1958 ఫిబ్రవరిలో ఆయన రాజీనామా చేయవలసి వచ్చింది. ఆ వ్యవహారం లేకపోతే సొంత ఊరిలో, దేశంలోకెల్లా ఎత్తైన భవనాన్ని ఆయనే ప్రారంభించి ఉండేవారేమో! ముంద్రా వాటాలలో పెట్టిన సొమ్ము సుమారు కోటీ ఇరవై నాలుగు లక్షలు. అంటే, ఈ భవనం మొత్తానికి అయిన ఖర్చు కన్నా ఎక్కువ. కొత్తగా పుట్టిన ప్రభుత్వ సంస్థ మీద జనానికి నమ్మకం సడలిన ఆ రోజులలో, మౌంట్ రోడ్డు మీద ఇంత ఎత్తున తన పేరు నిలబెట్టుకోవడం ఎల్ఐసీకి ఎంత అవసరమో ఆలోచించండి. ఇది నా అభిప్రాయం మాత్రమే, వ్యాసంలో వాస్తవంగా రాయకండి.

మన తెలుగువారికి సంబంధించి ఇంకొక్క మాట. పని మొదలైన 1953వ సంవత్సరమే అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, మద్రాసు నగరం మనకు దక్కకుండా పోయింది. అప్పటిదాకా తెలుగు జిల్లాలకూ రాజధాని ఇదే. రాజధాని పోయినా సినిమా రంగం, పత్రికలు, ప్రచురణ సంస్థలు చాలావరకు ఇక్కడే ఉండిపోయాయి గనుక, తెలుగువారి మనసులో పట్నం అంటే ఇంకా చాలా కాలం ఈ భవనమే మెదిలింది. మీ పాఠకులకు ఈ కోణం నచ్చుతుందని నా ఊహ.

జవాబు: పాత సివిల్ ఇంజనీరు, పెరంబూరు

పైన పాత్రికేయులు గారు యాజమాన్యం చేతులు మారిన కథ చక్కగా చెప్పారు. నా దృష్టిలో మాత్రం ఈ భవనం ప్రాముఖ్యం దాని ఎత్తులోనూ లేదు, ముఖంలోనూ లేదు. లోపలి ఎముకలలో ఉంది. మద్రాసు ప్రాంతంలో సున్నం, ఇటుకలతో కట్టే పద్ధతి నుంచి కాంక్రీటు స్తంభాల పద్ధతికి మారడానికి దీనిని మైలురాయిగా చెబుతారు. ఆ మార్పు ఎంతటిదో పాఠకులకు అర్థమయ్యేలా రాస్తే మీ వ్యాసానికి బలం వస్తుంది.

అంతకు ముందు ఈ ఊరిలో పెద్ద కట్టడమంటే గోడలే బరువు మోయాలి. గానుగలో తిప్పిన సున్నంలో బెల్లపు నీరు, కరక్కాయ రసం కలిపి ఇటుక పేర్చేవారు. పై కప్పుకు టేకు దూలాలు వేసి, వాటి మీద చిన్న ఇటుకలను అంచు మీద నిలబెట్టి ఏటవాలు వరసలుగా సున్నంతో పేర్చి, పైన ఇటుక ముక్కల కాంక్రీటు, దాని మీద పలకలు పరిచేవారు. దీనినే మద్రాసు టెర్రస్ అంటారు. పాత జార్జిటౌన్ ఇళ్లలో తలెత్తి చూస్తే ఇప్పటికీ కనబడుతుంది. వాన నీరు కారని, ఎండను ఆపే గొప్ప కప్పు అది, దానిని తక్కువ చేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు. అయితే దానితో పైకి పోవడం సాధ్యం కాదు.

ఎందుకో లెక్క చూడండి. ఘనమీటరు ఇటుక గోడ బరువు సుమారు 1.9 టన్నులు. ఎల్ఐసీ భవనం ఎత్తు 54 మీటర్లు. అంత ఎత్తున ఇటుక గోడ లేపితే, అంతస్తుల బరువు, మనుషుల బరువు, ఫైళ్ల బీరువాల బరువు ఏదీ కలపకుండానే, గోడ తన సొంత బరువుతోనే అడుగున చదరపు మీటరుకు 100 టన్నులకు పైగా ఒత్తుతుంది. పై అంతస్తుల భారం, గాలి తోపు కూడా మోయాలంటే కింది గోడ మందం పెంచుకుంటూ పోవాలి. చికాగోలో 1891లో ఇటుక గోడలతోనే 16 అంతస్తులు లేపిన మొనాడ్‌నాక్ భవనంలో నేల దగ్గర గోడ మందం ఆరు అడుగులు ఉంటుంది. అద్దెకు ఇవ్వగల చోటు గోడలకే పోతే, అంత ఖరీదైన స్థలంలో భవనం కట్టి ప్రయోజనం ఏముంది?

ఇనుప కడ్డీలు వేసిన కాంక్రీటు చట్రం ఈ చిక్కును విప్పింది. స్తంభం, దూలం, శ్లాబు ఒకే ముద్దగా గట్టిపడి బరువును పై నుంచి కిందికి దింపుతాయి. గోడకు మోసే పని తప్పుతుంది, ఎండావానలను ఆపడం వరకే దాని బాధ్యత. అప్పుడు కిటికీ ఎంత వెడల్పు పెట్టినా చట్రానికి నష్టం లేదు, లోపలి గదులను ఏ అంతస్తులో ఎలా కావాలంటే అలా విడదీసుకోవచ్చు. వందల మంది గుమస్తాలు వరసలుగా కూర్చునే బీమా కార్యాలయానికి ఇంతకన్నా అనువైనది లేదు. మన దేశంలో సిమెంటుకూ, ఉక్కుకూ కరువున్న 1950లలో ఇది చేశారన్నది మరువరానిది. ఆ రోజులలో పెద్ద పెద్ద క్రేన్లు ఎక్కడివి? కాంక్రీటు తట్టలలో చేతులు మారుతూ పైకి చేరిందనే మా తరం పెద్దలు చెప్పగా విన్నాను.

ఎక్స్‌పాన్షన్ జాయింటు గురించి కూడా రాయండి. పొడవాటి కాంక్రీటు కట్టడం వేడికి సాగుతుంది, చల్లదనానికి ముడుచుకుంటుంది. 50 మీటర్ల పొడవున్న కాంక్రీటు 20 డిగ్రీల మార్పుకు సుమారు ఒక సెంటీమీటరు సాగుతుంది. వినడానికి ఇది చిన్నదే కానీ, ఆ సెంటీమీటరుకు దారి వదలకపోతే అది బీటలుగా బయటపడుతుంది. అందుకే భవనాన్ని భాగాలుగా విడదీసి మధ్యన సందు వదులుతారు. మద్రాసు ఎండలో ఈ జాగ్రత్త తీసుకున్న తొలి పెద్ద భవనాలలో ఇది ఒకటిగా చెబుతారు. సినిమాలలో తలెత్తి చూసిన కథానాయకుడికి ఆ సందు కనబడదు, కనబడవలసిన పని కూడా లేదు.

జవాబు: బెంగుళూరు ఆర్కిటెక్టు

నేను ఉండేది బెంగుళూరులో. అయినా చదువుకునే రోజుల నుంచి ఈ భవనం మీద నాకు ఆసక్తి. ఐక్యరాజ్యసమితి భవనంతో పోలిక గురించి అడిగారు కాబట్టి దానికే పరిమితమవుతాను.

పోలిక ఆకారంలో ఉంది. రెండూ పలకను నిలబెట్టినట్టు వెడల్పు ఎక్కువ, మందం తక్కువ ఉన్న కట్టడాలు. గోపురం లేదు, శిఖరం లేదు, కమానులు లేవు, పైకి పోయేకొద్దీ సన్నబడడం లేదు. మద్రాసులో అంతవరకు ఎత్తు అంటే ఏదో ఒక శిఖరంతో ముగియవలసిందే. హైకోర్టును చూడండి, 1894 నుంచి 1977 దాకా దాని పెద్ద గోపురం మీదే ఓడలకు దారి చూపే దీపం వెలిగింది. ఆ లెక్కన చూస్తే, ఏ అలంకారమూ లేకుండా సమంగా కోసినట్టు ముగిసే భవనం 1959లో మద్రాసు కంటికి ఎంత కొత్తగా తోచి ఉంటుందో ఊహించుకోవచ్చు. పారిస్ కార్నరులో 1940లో లేచిన డేర్ హౌస్ వంటి ఆర్ట్ డెకో భవనాలు గుండ్రటి మూలలతో, నిలువు చారలతో ఈ మార్పుకు కొంత దారి వేశాయి కానీ, అవి కూడా వీధితో మాట్లాడే భవనాలే. ఎల్ఐసీ భవనం వీధిని పట్టించుకోదు, దూరం నుంచి చూసేవారి కోసం నిలబడినది.

తేడా మాత్రం ఆకారం దాటగానే మొదలవుతుంది. న్యూయార్కులోని సచివాలయ భవనం 39 అంతస్తులు, 154 మీటర్లు, అంటే మన దానికి మూడింతలకు దగ్గర. వాలెస్ హారిసన్ నాయకత్వంలో వివిధ దేశాల వాస్తుశిల్పులు కలిసి చేసిన రూపకల్పన అది. దాని రెండు వెడల్పు ముఖాలు తూర్పుకు, పడమరకు చూస్తాయి. రెండూ నిలువునా గాజు. ఆ బృందంలో ఉన్న లె కార్బూజియే, గాజు బయట ఎండను అడ్డే తెరలు లేకపోతే లోపల కూర్చోవడం కష్టమని గట్టిగా వాదించాడు. ఆ మాట చెల్లలేదు. లోపలి వేడిని దించే భారమంతా ఎయిర్ కండిషనింగు మీద పడింది. ఆయన తన వాదనను మన దేశంలోనే చేసి చూపించాడు: చండీగఢ్‌లో 1950లలో కట్టిన హైకోర్టు ముందు భాగమంతా లోతైన కాంక్రీటు గళ్లు ఉంటాయి, ఎండ వాటి దగ్గరే ఆగిపోతుంది.

ఇప్పుడు మౌంట్ రోడ్డుకు రండి. ఎల్ఐసీ భవనం గోడ నిలువెల్లా గాజు తెర కాదు. కాంక్రీటు గడుల మధ్యన కిటికీలు అమర్చిన ముఖం అది. నిప్పులు చెరిగే మే నెల ఎండలో, ప్రతి కార్యాలయానికీ చల్లదనపు యంత్రాలు ఊహకైనా అందని రోజులలో, కిటికీ తెరిస్తే సముద్రపు గాలి రావాలి, మూస్తే వాన ఆగాలి. ఆ అవసరం న్యూయార్కు గాజు తెరకు లేదు. కనుక దీనిని నకలు అనడం నాకు ఒప్పుదల కాదు. ఆకారం అక్కడిది, చర్మం ఇక్కడిది అనుకుంటే సరిపోతుంది.

మా ఊరి సంగతి కూడా ఒకటి చెప్పనివ్వండి, ఎందుకంటే ఆ దశాబ్దంలో రెండు నగరాలు ఎంచుకున్న దారులు పూర్తిగా వేరు. బెంగుళూరులో విధానసౌధకు 1951లో నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1956 నాటికి అది పూర్తయింది. నాటి మైసూరు ముఖ్యమంత్రి కెంగల్ హనుమంతయ్య పట్టుదలతో, రాతి స్తంభాలు, గోపురం, ద్రావిడ శిల్పం మేళవించిన కట్టడం అది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో గౌరవం ఎలా కనబడాలి అన్న ప్రశ్నకు బెంగుళూరు గ్రానైటుతో, దేవాలయ రూపంతో జవాబిస్తే, మద్రాసు కాంక్రీటుతో, ఏ మతానికీ ఏ ప్రాంతానికీ చెందని పలకతో జవాబిచ్చింది. అయితే ఒకటి శాసనసభ, ఇంకొకటి వ్యాపార కార్యాలయం, కనుక పోలికను మరీ దూరం లాగకూడదు.

తరువాతి రోజులలో ఎల్ఐసీయే విధానసౌధకు దగ్గరలో విశ్వేశ్వరయ్య కేంద్రాన్ని ఛార్లెస్ కొరియా చేత కట్టించుకుంది. 1970లలో మొదలైన పని అది. కొరియా 1930లో పుట్టినది మన సికింద్రాబాదులోనే. భవనం రూపం వాతావరణాన్ని బట్టి రావాలి అన్నది ఆయన జీవితమంతా నమ్మిన సూత్రం. ఢిల్లీ కన్నాట్ ప్లేసు దగ్గర 1986లో ఆయన చేసిన జీవన్ భారతి కూడా ఎల్ఐసీదే. మద్రాసు భవనం వారసత్వంగా చేతికి వచ్చినది, ఆ తరువాతివి ఎంచుకుని కట్టించుకున్నవి. ఒకే సంస్థ భవనాలను వరసగా పెట్టి చూస్తే మన దేశంలో ఆధునిక వాస్తుకళ ముప్పై ఏళ్లలో నడిచిన దారి కొంతవరకు తెలుస్తుంది. మీ వ్యాసంలో చోటుంటే ఒక పేరా ఇవ్వండి.

నుంగంబాక్కం పాఠకుడు

ముగ్గురికీ కృతజ్ఞతలు. అడిగినదానికి మించి దొరికింది. మొరార్జీ ప్రారంభోత్సవం వెనుక ముంద్రా వ్యవహారం ఉన్న సంగతి నాకు ఏ మాత్రం తట్టలేదు.

ఇంకా రెండు మూడు సందేహాలు. అంతస్తులు 12 అని ఒకచోట, 14 అని ఇంకొకచోట, 15 అని వేరొకచోట చూశాను, ఏది వేయాలి? 1975 అగ్నిప్రమాదాన్ని అందరూ ఒక వాక్యంలో ముగించేస్తున్నారు, దాని వలన తెలుసుకోదగినది ఏమైనా ఉందా? ఇక ఎత్తు సంగతి ఇంకా మిగిలే ఉంది. అందమైన భవనమేనా అన్న ప్రశ్నకు కూడా ఎవరైనా నిర్మొహమాటంగా జవాబిస్తే సంతోషం, ఎందుకంటే మా బృందంలో సగం మంది దానిని అగ్గిపెట్టె అనే అంటున్నారు.

జవాబు: పాత సివిల్ ఇంజనీరు, పెరంబూరు

అగ్నిప్రమాదం 1975 జూలై 11న జరిగింది. మంటలు భవనాన్ని చుట్టుముట్టాయి. అంత ఎత్తున ఉన్న మంటను ఆర్పవలసి రావడం ఈ ఊరికి కొత్త. నీటి గొట్టం పీడనం, నిచ్చెన పొడవు, మనుషులు దిగే మెట్లు, ఈ మూడూ చాలకపోతే ఎంత గట్టి భవనమైనా నిస్సహాయమే. ఈ భవనం గీసిన నాటికి మన దేశంలో జాతీయ భవన నిర్మాణ స్మృతే లేదు. అది మొదటిసారి వెలువడినది 1970లో. అంటే, పొగ చేరని మెట్ల దారి ఎలా ఉండాలి, ప్రతి అంతస్తుకూ నీటి గొట్టం ఎలా వేయాలి వంటి విషయాలకు దేశమంతటికీ కలిపి ఒకే కొలమానం రాకముందే ఇది లేచింది. అందుకని గీసినవారిని తప్పు పట్టలేం.

మరొక పక్క చూస్తే, అంతటి మంట తరువాత కూడా చట్రం నిలిచింది, మరమ్మతులు చేసి మళ్లీ వాడుకలోకి తెచ్చారు. ఉక్కు 550 డిగ్రీల దరిదాపుల్లో సగం బలం కోల్పోతుంది. కడ్డీల మీద ఉండే కాంక్రీటు పొర ఆ వేడిని లోపలికి చేరకుండా కొంతసేపు ఆపుతుంది. ఆ కొంతసేపే భవనాన్ని కాపాడుతుంది. మేస్త్రీలు కవరు అని పిలిచే ఆ అంగుళం, అంగుళంన్నర పొరను సైటులో ఎంత నిర్లక్ష్యం చేస్తారో నా ఉద్యోగకాలమంతా చూశాను. పర్యవేక్షణకు వెళ్లినప్పుడల్లా కడ్డీల కింద సిమెంటు దిమ్మెలు పెట్టారా లేదా అని చూడడమే నా మొదటి పని. 2023 ఏప్రిల్‌లో పై కప్పు మీది పేరు బోర్డు దగ్గర మళ్లీ నిప్పు అంటుకున్నప్పుడు దానిని అక్కడితోనే ఆర్పగలిగారు.

అగ్గిపెట్టె అన్న మాట ఆధునిక భవనాలన్నిటికీ తగిలించేదే. నాకు ఆ భవనం నచ్చుతుంది కానీ, అందం మీద నా తీర్పుకు విలువ తక్కువ.

జవాబు: బెంగుళూరు ఆర్కిటెక్టు

అందం గురించి నిర్మొహమాటంగా అడిగారు కనుక చెబుతాను. దూరం నుంచి చూస్తే అందమైనదే, నిష్పత్తులు చక్కగా కుదిరాయి. దగ్గరకు వెళితే నేల మట్టం దగ్గర నాకు సంతృప్తి కలగదు. దారిన పోయేవాడికి నీడ కానీ, నిలబడే చోటు కానీ ఇవ్వాలన్న తపన అందులో కనబడదు. దానికి కొద్ది దూరంలోనే 1904 నాటి హిగ్గిన్‌బాథమ్స్ పుస్తకాల దుకాణం భవనం ఉంది. ఎత్తు లేకపోయినా వీధిలో నడిచేవాడిని లోపలికి రమ్మంటుంది. ఇది ఒక్క ఎల్ఐసీ లోపం కాదు, ఆ కాలపు పలక భవనాలన్నిటిదీ. న్యూయార్కు భవనం ముందు నది, చుట్టూ తోట ఉన్నాయి కాబట్టి అక్కడ ఈ లోటు తెలియదు. మౌంట్ రోడ్డు మీద తెలుస్తుంది.

జవాబు: మైలాపూరు పాత్రికేయుడు (విశ్రాంత)

ఎత్తు సంగతి నేను ముగిస్తాను. దేశంలోకెల్లా ఎత్తైనదన్న బిరుదు దీనికి రెండేళ్లే నిలిచింది. 1961లో బొంబాయిలోని ఉషాకిరణ్ భవనం దీనిని దాటేసింది. మద్రాసులో మాత్రం మూడున్నర దశాబ్దాల పాటు దీనికి పోటీ లేకపోయింది. ఇందుకు జనం చెప్పుకునే కారణాలు చాలా ఉన్నాయి. నాకు సబబుగా తోచేది స్థలం లెక్క. బొంబాయి సముద్రం మధ్యన ఇరుక్కున్న నగరం, పైకి పోక తప్పదు. మద్రాసుకు పడమరా దక్షిణమూ ఖాళీ భూమి ఉండేది. వ్యాపారం పెరిగితే గిండీకి, అంబత్తూరుకు జరిగింది కానీ మేడ మీదికి ఎక్కలేదు.

దానికి తోడు ఎఫ్ఎస్ఐ నిబంధన ఉంది. స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు అంతస్తుల విస్తీర్ణం కట్టుకోవచ్చో అది చెబుతుంది. మామూలు భవనాలకు ఇక్కడ అది చాలా కాలం 1.5 మాత్రమే ఉండేది. పదివేల చదరపు అడుగుల స్థలంలో పదిహేను వేల చదరపు అడుగులు కట్టుకోవడానికి నాలుగంతస్తులు చాలు, పద్నాలుగు అంతస్తుల ఎత్తుకు అయ్యే లిఫ్టుల ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? 2019లో నిబంధనలు మార్చి సాధారణ భవనాలకు 2, ఎత్తైన భవనాలకు 3.25 చేశారు. ఇప్పుడు ఊరి చివరలలో లేస్తున్న ఎత్తైన కట్టడాల వెనుక ఈ లెక్కే ఉంది. అదే ఏడాది ఫిబ్రవరిలో అన్నాసాలైలో ఈ భవనం ఉన్న భాగం కింద మెట్రో నడవడం మొదలైంది. అక్కడి స్టేషనుకు ఎల్ఐసీ అనే పేరు పెట్టారు. మీ పాఠకులలో చూడదలచినవారికి దారి సులువు.

అంతస్తుల గొడవకు వస్తే, తమిళులు వాడుకలో పద్నాలుగు మాడి (అంతస్తుల) కట్టడం అంటారు. నేలంతస్తును కూడా కలిపి లెక్కిస్తే పదిహేను. పన్నెండు అన్నది కూడా అక్కడక్కడా అచ్చయింది కానీ, దానిని మీరు పట్టించుకోనక్కరలేదు. మీ ఛాయాచిత్రం కింద అంతస్తుల సంఖ్యకు బదులు 177 అడుగులు, 54 మీటర్లు అని ఎత్తు వేయండి. దానితో పాటు బ్రౌన్, మౌలిన్, చితలే అని మూడు పేర్లూ, 1953–1959 అని సంవత్సరాలూ వేస్తే సరిపోతుంది.